ఆ తోకలో ఉన్నది మందు కాదు, దాని చలికాలపు తిండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో థార్ ఎడారి మీద వేసిన వ్యాసం చదివాను. ఒంటెలు, ఇసుక తిన్నెలు, జైసల్మేర్ కోట అన్నీ బాగున్నాయి, ఫోటోలు కూడా చక్కగా అచ్చయ్యాయి. కానీ చివరి ఫోటో కింద ఎడారి ఉడుము అని రాశారు. అది ఉడుము కాదండీ, సాండా అనే ముళ్ళతోక తొండ. సరే, పేరు విషయంలో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది అనుకుని పేజీలు తిప్పుతుంటే, అదే రోజు పేపర్లో క్లాసిఫైడ్స్ మధ్యలో సాండా తైలం ప్రకటన కనిపించింది. మోకాళ్ళ నొప్పులకీ మగవాళ్ళ బలహీనతకీ బ్రహ్మాండంగా పనిచేస్తుందట, కింద ఫోన్ నంబరు. ఒక పేజీలో ఆ ప్రాణి పేరు తప్పు, ఇంకో పేజీలో దాని కొవ్వు బేరం. ఇది చూశాక రాయకుండా ఉండలేకపోయాను. ఉత్తరం పెద్దదే అవుతుంది, మీరు కత్తిరించి వేసుకోండి, కానీ మీరు మాత్రం ఒకసారి పూర్తిగా చదవండి.

నేను జంతుశాస్త్రం చదివినవాణ్ణి కాదు. కరెంటు లైన్ల సర్వే పని మీద జైసల్మేర్ జిల్లాలో మూడేళ్ళు ఉన్నాను. మొదటి ఏడాదంతా సాండాల మధ్యే తిరుగుతూ కూడా ఒక్కదాన్నీ చూడలేదు. వాటి బొరియలు మాత్రం రోజూ కనపడేవి. గట్టి నేలలో గుండ్రంగా, పిడికిలి పట్టేంత రంధ్రం, నేలకు సమంగా ఉంటుంది. ఎలకలవి అనుకునేవాళ్ళం, పాములవేమోనని దూరంగా నడిచేవాళ్ళం. మా జీపు చక్రాలు ఎన్ని బొరియల మీదుగా పోయాయో చెప్పలేను, ఇప్పుడు తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

రెండో ఏడాది ఫిబ్రవరి చివర్లో ఒక గొర్రెల కాపరి చూపించాడు నాకు. పెద్దాయన, తలకి ఎర్ర పాగా. నేను మార్కింగ్ రాళ్ళు పాతిస్తూ ఒక బొరియ పక్కన నిలబడితే, వెనక్కి రా అని చెయ్యి ఊపి, "సాండా నిద్ర లేచే కాలం ఇది, నీ నీడ దాని గుమ్మం మీద పడనివ్వకు" అన్నాడు. ఇద్దరం పొద్దుకి ఎదురుగా, నీడలు మా వెనక పడేలా, ఒక ఇరవై అడుగుల దూరంలో కూర్చున్నాం. బొరియ నోరు మట్టితో మూసి ఉంది. ఎనిమిదిన్నర దాటాక ఆ మట్టి కొంచెం కదిలింది. లోపలి నుంచి ఎవరో వేలితో తోస్తున్నట్టు చిన్న పెళ్ళ ఒకటి పక్కకి పడింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ముక్కు, ఆ తర్వాత మొద్దుగా గుండ్రంగా ఉన్న తల. అంతే, తల ఒక్కటే బయట పెట్టి అలా ఎండలో ఉండిపోయింది, అరగంట పైనే. దాని ముక్కు రంధ్రాల చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు ఏదో ఉంది, నేను బూజు అనుకున్నాను, అది నిజంగానే ఉప్పు అని తర్వాత తెలిసింది, దాని సంగతి కింద రాస్తాను.

మొదట తల బురద రంగులో, దాదాపు నల్లగా ఉంది. ఎండ పెరిగే కొద్దీ రంగు తేలిపోతూ వచ్చింది. మొత్తం ఒళ్ళు బయటకి లాక్కునేసరికి ఇసుక రంగులో, పసుపు కలిసిన గోధుమ రంగులో ఉంది. చలిగా ఉన్నప్పుడు ముదురు రంగు వేడిని తొందరగా పీల్చుకుంటుంది, ఒళ్ళు వెచ్చబడ్డాక లేత రంగు ఎండని తిప్పికొడుతుంది. చదివితే ఒక వాక్యం, కళ్ళ ముందు జరుగుతుంటే ఊపిరి బిగబట్టి చూశాను. చర్మం వదులుగా, మెడ దగ్గరా పక్కలకీ ముడతలు ముడతలుగా, పెద్దవాళ్ళ చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా ఉంది. తొడ ముందు భాగంలో నల్లటి మచ్చ. ఇక తోక, వరసలు వరసలుగా ముళ్ళ కడియాలు తొడిగినట్టు, ఆ ముళ్ళకి పక్కలనుంచి లేత నీలం ఛాయ. నాలుగడుగులు నడిచి, నేలని అంటుకుని మొలిచిన పచ్చిక కొసలు కొరుక్కు తినడం మొదలుపెట్టింది. ఇంతలో పైన ఏదో పక్షి నీడ జారింది. నేను తలెత్తేలోపు అది బొరియలో ఉంది, బయట తోక కొస మాత్రం కొంచెంసేపు కనపడి అదీ లోపలికి పోయింది.

ఆ రోజు నుంచి దాని గురించి దొరికింది దొరికినట్టు చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. మీ పాఠకులకి కూడా తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

శాస్త్రవేత్తలు దీన్ని సారా హార్డ్‌వికీ అంటారు. 1827లో జాన్ ఎడ్వర్డ్ గ్రే దీన్ని వర్ణించాడు, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారిగా ఉంటూ ఇక్కడి జంతువుల బొమ్మలు గీయించి సేకరించిన థామస్ హార్డ్‌విక్ పేరు దీనికి దక్కింది. చాలాకాలం యూరోమాస్టిక్స్ అనే ప్రజాతిలో ఉంచారు, 2009లో విడదీసి సారా కింద పెట్టారు. కుటుంబం అగామిడే. అంటే మన కంచెల మీద తల ఊపే తొండకి ఇది చుట్టం, ఉడుముకి కాదు. ఉడుము వేరే కుటుంబం, దాని నాలుక పాము నాలుకలా రెండుగా చీలి ఉంటుంది, అది వేటాడి మాంసం తినే ప్రాణి, గుడ్లు, ఎలకలు, పురుగులు ఏది దొరికినా వదలదు. సాండా నాలుక మందంగా ఉంటుంది, తల మొద్దుగా ఉంటుంది, తినేది ఆకులు అలములు. తెలుగు ప్రాంతాల్లో ఇది ఉండదు కాబట్టి మన భాషలో దీనికి పాత పేరు ఉన్నట్టు నేను వినలేదు. ముళ్ళతోక తొండ అంటే సరిపోతుందని నా అభిప్రాయం, లేదా అక్కడివాళ్ళు పిలిచినట్టే సాండా అనండి. ఉడుము అని మాత్రం వద్దు. ఎందుకంటే ఉడుము అనగానే మనవాళ్ళకి ఉడుము మాంసం, ఉడుము నూనె గుర్తొస్తాయి, ఆ ఊహలన్నీ దీనికి అంటుకుంటాయి.

మన దేశంలో ఉన్న బల్లి జాతుల్లో శాకాహారం మీద బతికేది ఇదొక్కటే. పిల్లగా ఉన్నప్పుడు పురుగులు తింటుంది, పెద్దయ్యాక కూడా ఎప్పుడైనా చీమలో పేడపురుగులో తింటుంది, కానీ అసలు తిండి గడ్డి, ఆకులు, పూలు, కాయలు. కేర్ పొద పండ్లు, పీలూ చెట్టు పండ్లు, ఖేజ్రీ కాయలు తింటుంది. ఖేజ్రీ అంటే ఏదో తెలియని చెట్టు కాదు, మన జమ్మి. అక్కడ రాజస్థాన్ రాష్ట్ర వృక్షం, ఇక్కడ తెలంగాణ రాష్ట్ర వృక్షం. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ ఊళ్ళో ఆ చెట్లని కొట్టనివ్వకుండా అమృతాదేవి, ఆమె వెంట చెట్లనీ జంతువులనీ కాపాడటం ధర్మంగా భావించే బిష్ణోయీ సమాజం వాళ్ళు, మొత్తం 363 మంది ప్రాణాలిచ్చారు. అలాంటి చెట్టు కింద రాలిన కాయ మీద బతికే ప్రాణి ఇది.

ఆకు తిని బతకడం తొండకి తేలిక కాదు. ఆకులో ఉండే పీచుని పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవులు పులియబెడితే గానీ దానికి శక్తి రాదు. ఆ సూక్ష్మజీవులు పనిచేయాలంటే ఒంట్లో వేడి కావాలి. దానికి మనలా లోపల పొయ్యి లేదు, వేడి మొత్తం ఎండ నుంచి, నేల నుంచి తీసుకోవాల్సిందే. అందుకే పొద్దున అంతసేపు ఎండ కాగుతుంది, ఒళ్ళు వేడెక్కే దాకా తిండి జోలికి పోదు. మబ్బు పట్టి చల్లగా ఉన్న రోజు అసలు బయటకే రాదు. ఎండాకాలంలో లెక్క మారిపోతుంది. థార్‌లో ఎండ ఎలా ఉంటుందో చెప్పాలంటే, 2016 మే 19న ఫలోదిలో 51 డిగ్రీలు నమోదైంది, అది గాలి వేడి, నేల వేడి ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తిరిగి, మధ్యాహ్నమంతా బొరియలో ఉంటుంది.

ఆ బొరియ గురించి చెప్పాలి, దాని బతుకంతా అక్కడే ఉంది. వదులు ఇసుకలో తవ్వదు, కూలిపోతుంది. తిన్నెల మధ్యలో ఉండే చదునైన గట్టి నేల, గులకరాళ్ళ నేల, అక్కడక్కడా పొదలు ఉన్న చోటు చూసుకుంటుంది. థార్ అనగానే తిన్నెల ఫోటోలే వేస్తారు, కానీ సాండా ఉండేది ఆ ఫోటోల్లోకి రాని నేలలో. బొరియ తిన్నగా పోదు, మెలికలు తిరుగుతూ, ఏటవాలుగా దిగుతుంది, రెండు మీటర్లకి పైగా ఉంటుంది. లోపల వేసవి మధ్యాహ్నం చల్లగా, జనవరి రాత్రి వెచ్చగా ఉంటుంది. ఒక బొరియకి ఒక సాండా, కానీ బొరియలన్నీ దగ్గర దగ్గరగా, ఒక పేట లాగా ఉంటాయి. రాత్రి పడుకోబోయే ముందు లోపలి నుంచి మట్టితో గుమ్మం మూసుకుంటుంది. శత్రువు లోపలికి వస్తే ముళ్ళ తోకని అడ్డం పెట్టి ఎడాపెడా కొడుతుంది. దానికున్న ఆయుధం ఆ తోకే. కరవడానికి పెద్దగా ముందుకు రాదు.

నీళ్ళ సంగతి. తాగడానికి నీళ్ళు వెతుక్కోదు, తిన్న ఆకులో ఉన్న తేమతోనే సరిపెట్టుకుంటుంది. ఎడారి మొక్కల్లో ఉప్పు ఎక్కువ, ఆ ఉప్పుని మూత్రంతో పంపించాలంటే నీళ్ళు ఖర్చు. అందుకని ఈ జాతి తొండలకి ముక్కులో ఉప్పు గ్రంథులు ఉంటాయి, ఎక్కువైన లవణాన్ని అవి చిక్కటి ద్రవంగా బయటకి తోసేస్తే, అది ఆరి తెల్లగా పేరుకుంటుంది. ఆ రోజు నేను బూజు అనుకున్నది అదే. చుక్క నీటిని దాచుకోవడానికి ముక్కునే ఉప్పుమడిగా మార్చుకున్న ప్రాణి అది!

ఇప్పుడు కొవ్వు దగ్గరికి వస్తాను, ప్రకటన గొడవ అక్కడే కదా. థార్‌లో చలికాలం రాత్రుళ్ళు సున్నా దగ్గరికి పోతాయి. ఆ చలిలో పచ్చిక ఉండదు, ఎండ చాలదు, తిన్నా అరగదు. అందుకని వానలు పడ్డాక దొరికినంత తిని, తోక మొదట్లో, పొట్టలో కొవ్వు దాచుకుని, చలి ముదిరేసరికి బొరియలోకి దిగి గుమ్మం మూసుకుని నిద్రపోతుంది. ఆ నెలలన్నీ దాన్ని బతికించేది ఆ కొవ్వే. లేచాక జత కట్టాలన్నా, ఆడది ఒంట్లో గుడ్లు తయారుచేసుకోవాలన్నా మిగిలిన ఆ కాస్త కొవ్వూ అక్కరకొస్తుంది. గుడ్లు బొరియలోనే పెడుతుంది. వానలొచ్చి లేత పచ్చిక మొలిచే వేళకి పిల్లలు బయటపడతాయి. మనుషులు మందు అని పిండుకునేది ఇదీ, ఒక తొండ తన చలికాలానికి మూట కట్టుకున్న సద్ది.

ఆ నూనె ఎలా తీస్తారో కూడా చూశాను. ఎక్కడా ఏ ఊరూ అని రాయను, తిరుగు ప్రయాణంలో బస్సు మారాల్సి వచ్చిన ఒక పట్టణం. బస్టాండు బయట ఒకతను నేల మీద గుడ్డ పరిచి ఏడెనిమిది సాండాలని వరసగా పెట్టాడు. కట్టెయ్యలేదు, బుట్ట లేదు, అయినా ఒక్కటీ పారిపోవడం లేదు. నాకు ఆశ్చర్యమేసింది, ఇరవై అడుగుల దూరంలో నీడ పడితేనే మాయమయ్యే ప్రాణి ఇంత గోలలో కదలకుండా ఎలా కూర్చుంది? దగ్గరికెళ్ళి అడిగాను. అతను ఒకదాన్ని మెడ పట్టి ఎత్తి చూపించాడు. ముందు కాళ్ళు గాలిలో కొట్టుకుంటున్నాయి, నడుము కింద నుంచి వెనక కాళ్ళు, తోక తడిగుడ్డలా వేలాడుతున్నాయి. వెన్నెముక విరిచేశారు. పట్టిన వెంటనే విరిచేస్తారట, పరిగెత్తకుండా. చంపితే సరుకు పాడైపోతుంది, కొనేవాడి కళ్ళ ముందు కోస్తేనే నమ్మకం, అందుకని రోజుల తరబడి అలాగే బతికుంచుతారు. పక్కన చిన్న స్టవ్, మూకుడు, మూకుడులో పసుపుపచ్చగా కరుగుతున్న కొవ్వు. గుంపులో పదిహేనేళ్ళ పిల్లాడు కూడా ఉన్నాడు, చిన్న సీసా చేత్తో పట్టుకుని. నాకు నోట మాట రాలేదు, బస్సెక్కేశాను. అప్పుడే అటవీ శాఖకి ఫోన్ చేసి ఉండాల్సింది, చెయ్యలేదు, ఆ నొప్పి నాకు ఇప్పటికీ ఉంది.

పట్టే పద్ధతి కూడా అంతే ఘోరం. బొరియలో వేడినీళ్ళు పోస్తారు, పొగ పెడతారు, లేదా తవ్వేస్తారు. ఒక సాండా కోసం బొరియ మొత్తం పోతుంది, ఒక్కోసారి అందులో గుడ్లు కూడా. ఒకచోట గుంపుగా ఉండే అలవాటు వల్ల ఒక పూటలో పేట మొత్తం ఖాళీ చేయడం వేటగాళ్ళకి కష్టం కాదు.

పోనీ ఆ నూనె పనిచేస్తుందా అంటే, నొప్పి తగ్గిస్తుందనీ మగతనం పెంచుతుందనీ చెప్పే మాటలకి వైద్యపరంగా ఏ ఆధారమూ లేదు. అది మామూలు జంతువు కొవ్వు, మిగతా కొవ్వుల్లో ఉండే ఆమ్లాలే అందులోనూ ఉంటాయి. ఏ నూనె వేడి చేసి రుద్దినా కాసేపు హాయిగా ఉంటుంది, ఆ హాయి మర్దనాది, వేడిది. మోకాళ్ళ నొప్పితో బాధపడే పెద్దవాళ్ళని నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు, మా ఇంట్లోనూ ఉన్నారు. వాళ్ళకి డాక్టరు దగ్గరికి వెళ్ళే ధైర్యం ఇవ్వండి, ఫోన్ నంబరు ఉన్న సీసా కాదు. మగవాళ్ళ సమస్యల సంగతీ అంతే, సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేనివాణ్ణి చూసే ఈ వ్యాపారం నడుస్తోంది. ఇదే దారిలో హత్తా జోడి అని ఒక వేరు అమ్ముతారు చూడండి, అదృష్టం తెస్తుందని, అది వేరు కాదు, మగ ఉడుము జననాంగం ఎండబెట్టినది. అంటే ఉడుమునీ వదల్లేదు, సాండానీ వదల్లేదు.

ఇక చట్టం మాట. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద సాండాని పట్టడం, చంపడం, దాన్ని గానీ దాని శరీర భాగాలని గానీ అమ్మడం నేరం. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందంలో ఇది రెండో అనుబంధంలో ఉంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ముప్పులో ఉన్న జాతుల్లో, వల్నరబుల్ అని చేర్చింది. ఇవన్నీ వేటగాడికీ అమ్మేవాడికీ వర్తించేవి అనుకోవచ్చు. కానీ ఇంకో చట్టం ఉంది, అది నేరుగా పత్రికలకి సంబంధించింది. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, 1954. లైంగిక సామర్థ్యం పెంచుతామని చెప్పే మందుల ప్రకటనలని ఆ చట్టం నిషేధించింది, ప్రకటన ఇచ్చేవాళ్ళనే కాదు, ప్రచురణలో పాలుపంచుకునేవాళ్ళనీ అది వదలదు. కాబట్టి ఆ నాలుగు లైన్ల క్లాసిఫైడ్ రెండు చట్టాల కింద తప్పు. మీ ప్రకటనల విభాగంలో కూర్చున్న అబ్బాయికి ఈ సంగతి తెలిసి ఉండదు, తప్పు అతనిదని నేను అనను, కానీ చెప్పాల్సిన బాధ్యత మీది.

వేట ఒక్కటే అయితే పోలీసులూ అటవీ శాఖా గట్టిగా నిలబడితే ఆపొచ్చేమో. నేల కూడా పోతోంది. 1958లో పని మొదలైన ఇందిరా గాంధీ కాలువ, అప్పట్లో రాజస్థాన్ కాలువ అనేవాళ్ళు, దాని నీళ్ళు వచ్చిన చోటల్లా బీడు పొలమైంది. రైతుకి అది వరమే, నేను కాదనను, దాహంతో వలస పోయిన ఊళ్ళు నిలబడ్డాయి. కానీ ట్రాక్టరు దున్నిన నేలలో, నీళ్ళు పారిన నేలలో సాండా బొరియ ఉండదు. గుజరాత్‌లో బన్నీ గడ్డి మైదానాల్లో ఇంకో బెడద, మనం సర్కారు తుమ్మ అనే చెట్టు. ఉప్పు నేల పాకకుండా ఆపుతుందని 1960ల్లో అక్కడ నాటారు, అది గడ్డిని మింగేసి దట్టమైన ముళ్ళ అడవిలా అల్లుకుపోయింది. ఎండ నేలకి తగలని చోట ఎండ మీద బతికే తొండకి చోటు లేదు. జమ్మీ సర్కారు తుమ్మా చాలాకాలం ఒకే ప్రజాతిలో ఉంచిన చెట్లు, ఒకటి దానికి అన్నం పెట్టింది, ఇంకొకటి దాని వాకిలి మూసేసింది.

మా పని కూడా ఇందులో భాగమే, దాచుకోను. జోధ్‌పూర్ జిల్లాలో ఉండి ఇప్పుడు ఫలోది జిల్లాలోకి వచ్చిన భడ్లా సోలార్ పార్కు 2,245 మెగావాట్లది, దాని చుట్టుపక్కలా జైసల్మేర్ వైపూ ఇంకా వస్తున్నాయి. కాగితాల మీద ఆ నేలని బంజరు అని రాస్తారు. నేను కూడా ఫారాలు నింపేటప్పుడు అదే మాట రాశాను, ఏమీ లేని భూమి అనే నమ్మకంతోనే రాశాను. సోలార్ కరెంటు కావాలి, ఆ పని చేసినందుకు నాకు సిగ్గు లేదు. కానీ చదును చేసే ముందు ఆ నేలలో బొరియలు ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టడానికి రెండు రోజులు చాలు, పేటలు ఉన్న ముక్కని వదిలి లైను పక్కకి జరపడం సర్వే దశలో పెద్ద ఖర్చు కాదు, ఆ పని చేసినవాడిగా చెబుతున్నాను. అక్కడి బట్టమేక పక్షి గురించి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, పేపర్లలో వచ్చింది, మంచిదే. ఆ పక్షి నడిచే నేల కిందే ఇవీ ఉంటాయి.

సాండా పోతే ఏమవుతుంది అని ఎవరైనా అడగొచ్చు. ఆ రోజు పైన జారిన నీడ చాలావరకు లగ్గర్ డేగది అయి ఉంటుంది, ఎడారిలో ఆ డేగ గూట్లో పిల్లలకి తెచ్చిపెట్టేది ఎక్కువగా సాండానే. గద్దలు, ఎడారి నక్క, ఎడారి పిల్లి, ఉడుము కూడా దీని మీద బతుకుతాయి. గడ్డిని మాంసంగా మార్చి ఇన్నింటి నోటికి అందించే ప్రాణులు ఎడారిలో ఎన్నో ఉండవు. చూరూ జిల్లా తాల్ ఛాపర్‌లో కృష్ణజింకలు చూడటానికి జనం వెళతారు, మీ పాఠకులెవరైనా వెళితే జింకలతో పాటు నేల వైపు కూడా చూడండి, మార్చి నెలలో పొద్దున తొమ్మిదింటికి, నీడ వెనక్కి పెట్టుకుని.

సంపాదకులకి నా విన్నపం ఇదీ. వచ్చే ఆదివారం ఆ ఫోటో పేరు సవరించి, చిన్నదైనా సరే, వేయండి. ఆ ప్రకటన ఆపండి, ఇచ్చినవాళ్ళ వివరాలు అటవీ శాఖకి అందజేయండి. తైలం, మాంసం, నకిలీ వైద్యం అనే మాటలు లేకుండా ఆ ప్రాణి గురించి ఒక పేజీ వేయండి, రాయడానికి నాకంటే తెలిసినవాళ్ళు మన విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. ఫోటో కావాలంటే నా దగ్గర ఒకటి ఉంది, ఉచితంగా ఇస్తాను. ఫోన్‌తో దూరం నుంచి తీసింది, అంత స్పష్టంగా ఉండదు, నేలలో ఒక రంధ్రం, అందులోంచి ఒక ముదురు రంగు తల, ముక్కు మీద ఉప్పు. ఒళ్ళు ఇంకా వేడెక్కలేదు.

ఇట్లు
మీ పాఠకుడు